పొటాషియం 1.8 నుంచి 5.9కి వెళ్లిపోయింది, నేనెక్కడ తప్పాను?

రాత్రిడ్యూటీ
సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో హైవే పక్కనున్న ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఎంబీబీఎస్ అయి రెండేళ్లు. నిన్నటి కేసు చెబుతాను, మొహమాటం లేకుండా తిట్టండి.

తెల్లవారుజామున 5 గంటలకు ఆటోలో తెచ్చారు. 28 ఏళ్ల కుర్రాడు. సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డు ఊరు. గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పని, చెల్లెలి పెళ్లికి వచ్చాడు. ముందురోజంతా కుర్చీలు, గుండిగలు మోశాడు. రాత్రి కడుపు నిండా బిర్యానీ తిని, రెండు కూల్‌డ్రింకులు తాగి పడుకున్నాడు. మూడింటికి ఒంటేలుకి లేద్దామంటే కాళ్లు కదల్లేదు. "రాత్రి బాగానే ఉన్నాడు బాబూ, ఇప్పుడు నెగలేకపోతన్నాడు, గాలి తగిలినాది" అని తల్లి ఒకటే ఏడుపు. ఊళ్లో ఎవరో నీరసమని గ్లూకోజు బాటిల్ ఎక్కించారట. అది సగం అయ్యేసరికి చేతులు కూడా బరువెక్కాయని చెప్పాడు.

ఇద్దరు చంకల కింద చేతులేసి దించారు. కాళ్లు తడి తువ్వాళ్లలా వేలాడుతున్నాయి. మాట స్పష్టంగా ఉంది, మూతి వంకర పోలేదు, గిల్లితే తెలుస్తోంది, మూత్రం ఆపుకోగలుగుతున్నాడు. తొడల బలం ఐదుకి ఒకటి, పాదాల్లో మూడు. మోకాలి జెర్కులు రెండు వైపులా లేవు. మొదట గిలియన్ బారే (నరాలు దెబ్బతిని కాళ్లు పడిపోయే జబ్బు) అనుకున్నాను. ఈసీజీ తీస్తే వీ2, వీ3లలో టీ వేవ్ చదునైపోయి, దాని వెనక ఇంకో గుట్ట లేచింది. అప్పుడు బుర్ర వెలిగింది. పొటాషియం 1.8, బాగా తక్కువ.

అర లీటరు నార్మల్ సెలైన్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు (మేం వార్డులో మెక్ అంటాం) కలిపి రెండు గంటలకొకటి చొప్పున నాలుగు బ్యాగులు. నోటికి పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 ఎంఎల్ చొప్పున నాలుగుసార్లు. మొత్తం 160 మెక్‌లు. పదకొండింటికి మోకాళ్లు ముడిచాడు. ఒంటిగంటకి బాత్రూమ్‌కి నడిచి వెళ్లాడు. తల్లి నా కాళ్లు పట్టుకోబోయింది. నేను కూడా ఆ సంబరంలో చివరి బ్యాగు ఆపలేదు. రెండింటికి రిపోర్టు చూస్తే 5.9, ఈసారి మరీ ఎక్కువ! ఈసీజీలో టీ వేవ్‌లు మొనదేలి నిలబడ్డాయి. అన్నీ ఆపేసి కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చాను. రాత్రికి 4.4కి దిగింది, బతికిపోయాం.

నా సందేహం ఇది. 1.8 అంటే ఒంట్లో లోటు 400 నుంచి 800 మెక్‌ల దాకా ఉంటుందని చదివాం. నేనిచ్చింది 160. అందులో పాతిక వంతు కూడా పూడని గొయ్యి పొంగిపొర్లడం ఏమిటి?


సెలైన్_స్టాండ్
సోమవారం, రాత్రి 10:41

డాక్టరు గారూ, నేను స్టాఫ్ నర్సుని, 19 ఏళ్ల సర్వీసు. ముందు ఒక చిన్న ప్రశ్న. ఆంప్యూల్ బ్యాగులో కొట్టాక బ్యాగుని స్టాండు మీంచి దించి తలకిందులు చేసి కలిపారా? వేలాడుతున్న బ్యాగులోకి సూదితో కొట్టి వదిలేస్తే పొటాషియం అడుగున కూర్చుంటుంది. మొదటి పావుగంటలో పోయేదంతా చిక్కటి మందే. రోగి "చెయ్యి మండుతోంది సిస్టర్" అంటాడు, మనం కాన్యులా పోయిందనుకుంటాం.


రాత్రిడ్యూటీ
సోమవారం, రాత్రి 10:48

కలిపారండి, నేనే చూశాను. మంట కూడా లేదన్నాడు.


నాగావళి_గట్టు
సోమవారం, రాత్రి 11:15

పాతిక వంతు కాదు బాబూ, 160 అంటే 800లో ఐదో వంతు, 400లో అయితే సగానికి కాస్త తక్కువ. డ్యూటీ దిగి నిద్ర లేకుండా రాసినట్టున్నారు, లెక్కలు తర్వాత చూద్దాం. ఈసీజీ గురించి అంత రాశారు గానీ గుండె రేటు ఎంతో రాయలేదు. నాడి ఎంత?


రాత్రిడ్యూటీ
సోమవారం, రాత్రి 11:19

118 సార్. భయంతో అనుకున్నాను.


నాగావళి_గట్టు
సోమవారం, రాత్రి 11:58

భయం అయితే మధ్యాహ్నం నడిచాక తగ్గాలి కదా. తగ్గిందా? రేపు పొద్దున్న మూడు పనులు చెయ్యండి. చేతులు చాపమని వేళ్ల మీద ఒక కాగితం పెట్టండి, వణుకుతుందేమో చూడండి. తిండి సరిపోతున్నా బరువు తగ్గాడా అని తల్లిని అడగండి, కుర్రాణ్ని కాదు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 పంపండి. నా పందెం థైరాయిడ్ మీద.

ఇప్పుడు మీ గొయ్యి సంగతి. ఒంట్లో పొటాషియం నూటికి 98 వంతులు కణాల లోపలే ఉంటుంది. మనం రక్తంలో కొలిచేది ఆ మిగిలిన రెండు వంతుల్ని. 400, 800 అన్న లెక్క విరేచనాలతోనో, వాంతులతోనో, మూత్రంలోనో పొటాషియం బయటికి పోయినవాడికి. మీ కుర్రాడికి బయటికి ఏమీ పోలేదు. రక్తంలోంచి కండరాల్లోకి దూరింది, అంతే. ఇంట్లో డబ్బు పోలేదు, బీరువాలో పెట్టి తాళం వేశారు. మీరు బయట నుంచి అప్పు తెచ్చి పోస్తున్నప్పుడే బీరువా తలుపు తెరుచుకుంది. రెండూ కలిసి 5.9.

థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే కండర కణాల గోడల్లోని సోడియం-పొటాషియం పంపులు జోరెత్తుతాయి. ఇన్సులిన్ వాటిని ఇంకా తరుముతుంది. పెళ్లింటి బిర్యానీ, కూల్‌డ్రింకులు, ఆ పైన ఊళ్లో ఎక్కించిన గ్లూకోజు, మూడూ ఇన్సులిన్‌ని పిలిచినవే. పగలంతా మోత పని, తర్వాత విశ్రాంతి, తెల్లవారుజామున కాళ్లు పడిపోవడం: అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. థైరాయిడ్ జబ్బు ఆడవాళ్లలో ఎక్కువ, ఈ పక్షవాతం మాత్రం ఎక్కువగా మగవాళ్లకే, అందులోనూ ఆసియా వాళ్లకే వస్తుంది.

ఇలాంటివాళ్లకి ఊపిరి బాగుండి, గుండె లయ తప్పకపోతే గంటకి 10 మెక్‌లు మించకుండా, రోజు మొత్తానికి 90 దాటకుండా ఇస్తాను. గంటకోసారి బలం చూస్తాను, రెండు గంటలకోసారి పొటాషియం. వేలు కదిలిన క్షణం నుంచి చెయ్యి వెనక్కి తీస్తాను. మీ బ్యాగుల వేగం తప్పు కాదు, పైన సిరప్ కూడా పోయడం, మధ్యలో ఒక్కసారైనా కొలవకపోవడం తప్పు. ఆస్తమా లేదని తేల్చుకుని నోటికి ప్రొప్రనొలాల్ ఇస్తే ఆ పంపుల జోరు తగ్గి, లోపలికి దూరింది దానంతటదే బయటికి వస్తుంది.

మొదటి మూత్రం ఏమైనా దాచారా?


రాత్రిడ్యూటీ
మంగళవారం, ఉదయం 6:05

సార్, మొదటి సీసా ఇంకా ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉంది. పంపుతాను. నాడి ఇప్పుడు కూడా 112. కాగితం పెట్టాను. వేళ్లు కదలట్లేదనిపించింది గానీ కాగితం అంచు ఈగ రెక్కలా కొట్టుకుంటోంది. తల్లిని అడిగితే "వేరావల్ తిండి పడలేదు బాబూ, నాలుగు నెల్లలో బక్కచిక్కిపోనాడు, లాగులన్నీ జారిపోతన్నాయి" అంది. అతన్ని అడిగితే పని ఎక్కువ సార్ అన్నాడు.


ట్యూబు_సూది
మంగళవారం, ఉదయం 7:30

ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొటాషియం రిపోర్టు గురించి నాలుగు ముక్కలు చెప్పనివ్వండి. ఎక్కువ తప్పులు మా మిషన్లో జరగవు, మీ సూది దగ్గరే జరుగుతాయి.

నరం దొరకలేదని పిడికిలి బిగించి వదలమంటారు చూడండి, పది పదిహేను సార్లు, దాంతో కండరంలోంచి పొటాషియం వచ్చి అంకె పెరుగుతుంది. సన్న సూదితో గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి ఇంకా పెరుగుతుంది. అంటే 2.1 ఉన్న మనిషికి 3.2 అని వస్తుంది, మీరు హాయిగా ఇంటికి పంపేస్తారు. పెరిగిన అంకెని అందరూ అనుమానిస్తారు, నార్మల్‌గా కనిపించే అంకెని ఎవరూ అనుమానించరు.

ఇంకోటి. ఊదా మూత ట్యూబులో రక్తం ఎక్కువైందని మిగిలింది ఎర్ర మూత ట్యూబులోకి వంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఊదా ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ. ఆ చుక్కతో పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి పోతాయి. రెండూ కలిసి వింతగా కనిపిస్తే నేను ఫోన్ చేసి మళ్లీ తీయమంటాను. తిట్లు తింటాను కూడా.

తగ్గినట్టు అబద్ధం చెప్పేవీ ఉన్నాయి. ఏప్రిల్, మే ఎండలో పీహెచ్‌సీ నుంచి ఆటోలో మూడు గంటలు తిరిగి వచ్చిన శాంపిల్లో కణాలు వేడికి పొటాషియాన్ని లోపలికి లాక్కుంటాయి, అంకె కొంచెం తక్కువ వస్తుంది. తెల్లకణాలు లక్ష దాటిన ల్యుకేమియా రోగుల్లో ఇది ఇంకా ఎక్కువ. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే ఇక చెప్పనక్కర్లేదు, అది రక్తం రిపోర్టు కాదు, సెలైన్ రిపోర్టు. అనుమానం ఉంటే ఏబీజీ మిషన్ (రక్తంలో గ్యాసులు, ఆసిడ్ చూసేది) ఉన్నచోట రెండు నిమిషాల్లో చూసుకోండి.


ఊరి_వైద్యం
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను ఊళ్లో ప్రాక్టీసు చేసేవాణ్ని, ఆర్‌ఎంపీని. ఇక్కడ చదవడమే గానీ రాయను. ఈ రోజు రాయాలనిపించింది.

ఆ గ్లూకోజు బాటిల్ పెట్టింది నేను కాదు. కానీ ఆ రాత్రి నా తలుపు కొట్టి ఉంటే నేనూ అదే పెట్టేవాణ్ని. మూడింటికి ఎవరున్నారు సార్ మా ఊళ్లో? కాళ్లు పడిపోయాయంటే బీకాంప్లెక్సు కలిపిన పసుపు బాటిలు, ఒక డెక్సా. అది పెడితే జనానికి ధైర్యం. పెట్టకపోతే "ఈడికి ఏటీ తెలవదు" అని పక్క ఊరెళ్లి పెట్టించుకుంటారు. తప్పయితే తప్పే, ఒప్పుకుంటాను. ఏం చూడాలో చెప్పండి, మమ్మల్ని తిట్టే పోస్టులు చాలా చదివాను.


చంపావతి
మంగళవారం, మధ్యాహ్నం 1:34

డెక్సా ఎందుకండీ అసలు? స్టెరాయిడ్ వేసి గ్లూకోజు పెట్టడమంటే కిందికి పోతున్న పొటాషియాన్ని రెండు చేతులా తోసినట్టే. మీలాంటి వాళ్ల వల్లే మాకు 1.5తో వస్తున్నారు.


నాగావళి_గట్టు
మంగళవారం, మధ్యాహ్నం 2:20

చంపావతి గారూ, ఆయన అడిగిందానికి జవాబు చెబుదాం. చిన్నప్పుడు నాకూ ఆ పసుపు బాటిల్ పెట్టింది ఆయనలాంటివాళ్లే.

వైద్యం గారూ, మీరు చూడాల్సినవి ఎక్కువ లేవు. మూతి వంకర లేకుండా, మాట బాగుండి, రెండు కాళ్లూ ఒకేలా పడిపోయి, గిల్లితే తెలుస్తోందంటే అది మామూలు పక్షవాతం కాకపోవచ్చు. నాడి పట్టుకుని ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టమనండి. ఇరవై దాటితే కాస్త టైముంది, పది పన్నెండు దగ్గర ఆగిపోతే ఊపిరి కండరాలు కూడా అలసిపోతున్నాయి, ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యొద్దు. తల దిండు మీంచి ఎత్తగలడా చూడండి. విరేచనాలు, వాంతులు ఉన్నాయా, బీపీకి ఏ మాత్ర, థైరాయిడ్, ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా, అడిగి చీటీ మీద రాసి 108 ఎక్కించండి. బాటిల్ తప్పదనుకుంటే నార్మల్ సెలైన్ పెట్టి పంపండి, గ్లూకోజు వద్దు. జనానికి కావాల్సింది వేలాడే బాటిలే కదా.

పొటాషియం ఆంప్యూల్ మాత్రం మీ సంచిలో ఉండకూడదు.


సెలైన్_స్టాండ్
మంగళవారం, మధ్యాహ్నం 3:02

ఆ చివరి మాట ఆసుపత్రులకీ వర్తిస్తుంది సార్. 10 ఎంఎల్ ఆంప్యూల్, అందులో 20 మెక్‌లు. చూడటానికి నీళ్ల ఆంప్యూల్‌కీ దానికీ తేడా ఉండదు. నేరుగా నరంలోకి కొడితే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. మా వార్డులో దాన్ని వేరే డబ్బాలో పెట్టి, ఎర్ర టేపు చుట్టి, తాళం వేస్తాం. కొత్త పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ.

చుక్కల లెక్క కూడా చెబుతాను, పంపు లేనిచోట పనికొస్తుంది. 20 మెక్‌లు కలిపిన అర లీటరు రెండు గంటల్లో పోవాలంటే, ఎంఎల్‌కి 20 చుక్కల సెట్టుతో నిమిషానికి 83 చుక్కలు. చేతి నరానికి అంతకన్నా చిక్కన వద్దు, అంతకన్నా జోరు వద్దు. గంటకి 20 దాకా వెళ్లాలంటే మెడ లైను (మెడలోని పెద్ద నరంలో వేసే గొట్టం), మానిటరు, పక్కనే మనిషి ఉండాలి. రోగి బంధువు వచ్చి "తొందరగా అయిపోతుంది కదా" అని రోలరు తిప్పేస్తాడు, అది మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. మా చోట ఒకాయన టిఫినుకి టైమవుతోందని తిప్పాడు.


వేదిక నిర్వాహకుడు
మంగళవారం, మధ్యాహ్నం 3:30

రిపోర్టు ఫొటో పెట్టిన ఒక పోస్టు తీసేశాం. పేషెంటు పేరు, ఓపీ నంబరు కనబడుతున్నాయి. అంకెలు రాయండి, ఫొటోలు వద్దు.


చంపావతి
మంగళవారం, రాత్రి 9:45

మధ్యాహ్నం నోరు జారాను, వైద్యం గారు ఏమీ అనుకోవద్దు. నా పాపం కూడా ఒకటి చెప్పుకుంటే సరిపోతుంది.

విజయనగరంలో పీజీ చేస్తున్నప్పటి మాట. చీపురుపల్లి వైపు నుంచి 36 ఏళ్ల ఆవిడ, జూట్ మిల్లులో పని. కాళ్లు పడిపోవడం అది మూడోసారి. ముందు రెండుసార్లూ వేరే వేరే చోట్ల పొటాషియం ఎక్కించి, నడిచాక ఇంటికి పంపేశారు. ఎందుకు తగ్గిందని ఎవరూ అడగలేదు. ఈసారి 2.0. ఏబీజీలో పీహెచ్ 7.12, బైకార్బ్ 10, పీసీఓ2 (రక్తంలో కార్బన్ డయాక్సైడ్) 32. సోడియం 138, క్లోరైడ్ 117.

నా కళ్లు ఆ 7.12 మీదే పడ్డాయి. అంత ఆసిడ్ చూసి చేతులు ఊరుకోలేదు, దాన్ని విరిచే బైకార్బ్ ఎక్కించాను. గంట తిరక్కుండా పొటాషియం 1.6. మెడ నిలబడటం మానేసింది, లాలాజలం మింగలేకపోయింది. రెండు రోజులు వెంటిలేటరు మీద ఉంది. బైకార్బ్ పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుందని నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా. ముందు పొటాషియం, తర్వాతే బైకార్బ్ అన్నది ఆ రోజు నుంచే నాకు ఒంటబట్టింది.

ఇంకో గుర్తు కూడా నేను చూడలేదు. బైకార్బ్ 10 ఉంటే ఊపిరి జోరుగా ఆడి పీసీఓ2 23 దగ్గరకి దిగాలి. ఆవిడది 32. అంటే అప్పటికే ఊపిరి తీసే కండరాలు సగం చేతులెత్తేశాయి. ఆ అంకె కాగితం మీదే ఉంది.

కోలుకున్నాక తీరిగ్గా కూర్చుని అడిగితే ఒక్కొక్కటీ బయటపడింది. చద్దన్నం ముద్ద గొంతు దిగాలంటే ప్రతి ముద్దకీ తరవాణి గుక్క కావాలట. పళ్లు పిప్పి పట్టి విరిగి ఊడిపోతున్నాయి. ఉల్లిపాయలు కోస్తే కన్నీళ్లు రావట. "నాకు ఏడుపు కూడా రాదమ్మా, మా అత్త చచ్చిపోతే అందరూ తప్పు పట్టినారు" అంది. కంటి కింద కాగితపు పట్టీ పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో మూడు మిల్లీమీటర్లు తడిసింది. మూత్రం పీహెచ్ 6.8, ఒంట్లో అంత ఆసిడ్ ఉంటే మూత్రం అలా ఉండకూడదు. మూత్రంలో పొటాషియం 34, క్రియాటినిన్ 52. ఒక గ్రాముకి లెక్క కడితే 65 మెక్‌లు, పదమూడు దాటితేనే కిడ్నీ కారుతోందని అర్థం. స్కానింగులో కిడ్నీల్లో సున్నం. ఆంటీ-రో పాజిటివ్. కన్నీళ్లు, లాలాజలం ఎండిపోయే షోగ్రెన్ జబ్బు, దాని వల్ల డిస్టల్ ఆర్‌టీఏ, అంటే కిడ్నీ ఆసిడ్‌ని బయటికి పంపలేకపోవడం.

ఇప్పుడు పొటాషియం సిట్రేట్ సిరప్ తాగుతోంది. అది మూత్రంలో మంటకి వాడే మందు కదా అని మందుల షాపాయన ఒకసారి ఆపేయమన్నాడట, మళ్లీ 2.7తో వచ్చింది. ఇప్పుడు చీటీ మీద ఎర్రసిరాతో రాసిచ్చాం.


రాత్రిడ్యూటీ
మంగళవారం, రాత్రి 10:12

మేడమ్, మీ లెక్క చూసి మావాడిది కట్టాను. మొదటి సీసాలో పొటాషియం 11, క్రియాటినిన్ 138. గ్రాముకి 8. కిడ్నీ గట్టిగా పట్టుకునే ఉంది, బయటికి వదల్లేదు. నాగావళి సార్ బీరువా మాట నిజమే.

ఆ ఒక్క సీసా పారబోసి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.


ఉద్దానం_కొబ్బరి
బుధవారం, ఉదయం 8:15

నేను డాక్టర్‌ని కాదు, కవిటి మండలం. పొటాషియం అని చూసి ఆగాను. మా ఊళ్లో ఆ మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు, కానీ పెరుగుతుందన్న భయమే తెలుసు. నాన్నకి పలాసలో డయాలసిస్. మా సొంత తోటలో కాయలున్నా బోండం ముట్టనివ్వం, కూరలు ముక్కలు కోసి ఉడికించి నీళ్లు పారబోసి వండుతాం. అమ్మకి బీపీ, క్లోర్తాలిడోన్ మాత్ర. ఆవిడకి పిక్కలు పట్టేస్తున్నాయంటే టెస్టులో 3.1 వచ్చింది, రోజూ బోండం తాగమన్నారు. ఒకే వంటింట్లో ఒకరికి చూపించకుండా ఇంకొకరు తాగడం. అమ్మ గుటక వెయ్యలేక పెరట్లోకి వెళ్లి తాగుతోంది. బోండంతో సరిపోతుందా సార్, వేరే మందేమైనా ఉందా?


నాగావళి_గట్టు
బుధవారం, ఉదయం 11:40

అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

లెక్క చెబుతాను. ఒక బోండం 300 ఎంఎల్ అనుకుంటే సుమారు 15 మెక్‌లు, కాయ ముదురుని బట్టి అటూ ఇటూ. మంచి సైజు అరటిపండులో ఓ 10. పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 ఎంఎల్‌లో 20. కానీ చిక్కు అంకెల్లో లేదు. బీపీ మాత్రతో పొటాషియంతో పాటు క్లోరైడ్ కూడా పోతుంది. పళ్లలో పొటాషియం ఉంటుంది గానీ క్లోరైడ్ అంతగా ఉండదు, అందుకే ఒంట్లో నిలబడేది తక్కువ. సిరప్ రుచి చెత్తగా ఉంటుంది, సగం గ్లాసు నీళ్లలో కలిపి అన్నం తిన్నాక తాగితే కడుపు మండదు. రోజువారీ ఎంత అన్నది ఆమెని చూసే డాక్టరు రాయాలి.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం కాబట్టి ఇంకోటి ముఖ్యం. బోండం, సిరప్ రెండూ మొదలుపెట్టే ముందు అమ్మగారి క్రియాటినిన్ చూపించారా? కిడ్నీ బాగున్నప్పుడే ఈ సలహా పనికొస్తుంది. ఆమెకి కూడా నాన్నగారి జబ్బు మొదలై ఉంటే రేపు ఇదే బోండం తిరగబడుతుంది. మందు మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మళ్లీ పరీక్ష చేయించండి.

ఎండుచేపలు, ఆవకాయ తగ్గించండి. ఉప్పు ఎక్కువ తింటే ఆ మాత్ర పొటాషియాన్ని ఇంకా ఎక్కువ బయటికి పంపుతుంది. మాత్ర డోసు చిన్నదే అయినా 3.1 అయిందంటే, బీపీ కూడా మొండిగా ఉంటే, ఆల్డోస్టిరాన్, రెనిన్ (ఒంట్లో ఉప్పు, బీపీ చూసుకునే హార్మోన్లు) పరీక్ష గురించి ఒక్కసారి అడగండి.


ఉద్దానం_కొబ్బరి
బుధవారం, మధ్యాహ్నం 12:05

క్రియాటినిన్ చూడలేదండి. ఈ రోజే పలాస వెళ్తున్నాం నాన్న డయాలసిస్‌కి, అమ్మకి కూడా తీయిస్తాను.


గంజిపేట
బుధవారం, మధ్యాహ్నం 2:50

హౌస్ సర్జన్‌ని. మాకు ఎంత పోసినా 2.8 దాటని పేషెంటు ఉన్నాడు. 52 ఏళ్లు, మందు అలవాటు, వారం నుంచి విరేచనాలు. మూడు రోజులుగా పొటాషియం ఎక్కుతూనే ఉంది.


ట్యూబు_సూది
బుధవారం, మధ్యాహ్నం 2:58

మెగ్నీషియం పంపలేదు కదా? మీ వార్డుల నుంచి రోజుకి పది పొటాషియం పరీక్షలు వస్తాయి, వారానికి ఒక మెగ్నీషియం రాదు.


గంజిపేట
బుధవారం, సాయంత్రం 6:30

0.9 వచ్చింది. పైగా ఏడేళ్లుగా పొద్దున్నే పాంటప్రజోల్ వేసుకుంటున్నాడు, గ్యాస్ మాత్ర అని మాకు చెప్పలేదు. మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు సెలైన్‌లో మొదలుపెట్టాం.


నాగావళి_గట్టు
బుధవారం, సాయంత్రం 7:15

మెగ్నీషియం లేకపోతే కిడ్నీలో పొటాషియం కారే గొట్టానికి మూత పడదు. మీరు మూడు రోజులు పోసింది అలాగే కారిపోయింది. పొటాషియం ఆపొద్దు, రెండూ కలిపి ఇవ్వండి. అతనికి తిండి సరిగా లేకపోతే ఒక్కసారిగా గ్లూకోజు పెట్టొద్దు, థయామిన్ ముందు ఇవ్వండి, ఫాస్ఫేట్ చూడండి.

సందర్భం వచ్చింది కాబట్టి, షుగరు పెరిగి కీటోన్లతో వచ్చినవాళ్లకి కూడా పొటాషియం 3.5 కన్నా తక్కువుంటే ఇన్సులిన్ కాసేపు ఆపి ముందు పొటాషియం ఇవ్వాలి. షుగరు 500 చూసిన కంగారులో ఇది మర్చిపోతాం. నేనూ మర్చిపోయిన రోజులున్నాయి.


రాత్రిడ్యూటీ
శుక్రవారం, రాత్రి 8:40

రిపోర్టులు వచ్చాయి, థైరాయిడే. టీఎస్‌హెచ్ 0.01 కన్నా తక్కువ, ఫ్రీ టీ4 మామూలు కన్నా మూడు రెట్లు. మెడ దగ్గర చేత్తో చూస్తే గ్రంథి కాస్త ఉబ్బి ఉంది, ఆదివారం పొద్దున్న నేను మెడ ముట్టుకోనేలేదు. కార్బిమజోల్, ప్రొప్రనొలాల్ మొదలుపెట్టాం. పొటాషియం మాత్రలు రాయలేదు, థైరాయిడ్ అదుపులోకి వస్తే ఈ దాడులు ఆగుతాయని చెప్పాను. జ్వరం, గొంతునొప్పి వస్తే కార్బిమజోల్ ఆపి రక్తపరీక్షకి రమ్మన్నాను.

అతనికి మాత్రం వచ్చే బుధవారం రైలు. వేరావల్ వెళ్లకపోతే బోటు సీజను పోతుందంటాడు. సముద్రం మీద పది పదిహేను రోజులు, అక్కడ తెల్లవారుజామున కాళ్లు పడిపోతే ఎవరు చూస్తారు? నెల రోజులు ఆగమన్నాను. తల్లి "నువ్వు చెప్పు బాబూ, నా మాట ఇనడు" అంటుంది. చివరికి పెళ్లి అయ్యాక రెండు వారాలు ఉంటానన్నాడు. పెళ్లి భోజనంలో స్వీట్లు, బిర్యానీ ఎంత తినొచ్చని అడిగాడు. సగం కడుపుకి, రాత్రి కాకుండా మధ్యాహ్నం తినమన్నాను. చెల్లెలి పెళ్లికి అన్న సగం కడుపుతో తింటాడంటే నాకైతే నమ్మకం లేదు.


చంపావతి
శుక్రవారం, రాత్రి 9:05

ఎసిటజోలమైడ్ ఎవరైనా రాస్తే ఆపించండి. వంశపారంపర్యంగా వచ్చే పొటాషియం పక్షవాతానికి వాడతారు, థైరాయిడ్ వల్ల వచ్చిందానికి అది ఎదురు తిరగొచ్చు. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి.


ఊరి_వైద్యం
శుక్రవారం, రాత్రి 10:30

సార్, ఈ నాలుగు రోజులూ చదివాను. ఒకటి అడగాలి. మోకాలి మీద కొట్టి చూసే సుత్తి విజయనగరంలో ఏ షాపులో దొరుకుతుంది? ఎంత ఉంటుంది?


నాగావళి_గట్టు
శుక్రవారం, రాత్రి 10:52

ఇప్పుడే కొనక్కర్లేదు. స్టెతస్కోపు గుండ్రం అంచు చాలు. మంచం మీద కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడనివ్వండి, చిప్పకి సరిగ్గా కిందున్న పట్టీ మీద మణికట్టు వదులుగా ఉంచి కొట్టండి. ముందు మీ ఇంట్లోవాళ్ల మీద పది మోకాళ్లు ప్రాక్టీసు చెయ్యండి, మామూలుగా ఎంత ఎగురుతుందో తెలియాలి కదా.


ఊరి_వైద్యం
శనివారం, ఉదయం 6:40

మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా మావయ్య అయ్యారు. మావయ్యది ఎడమది రావట్లేదు, ఎక్కడ కొట్టాలో నాకే ఇంకా కుదరట్లేదనుకుంటాను. సాయంత్రం మళ్లీ చూస్తాను.